ఎర్రనోటామె

పోయిన నెల మా ఊళ్లో ఒకామె ఏ జబ్బూ లేకుండా చనిపోయింది.

ఈ వాక్యం రాసే భాగ్యం నాకు దక్కాలని చాలా ఏళ్లుగా ఆశపడ్డాను. ఆమె చావాలని కాదు, పోయిన రోజున నేను ఇలా రాయగలిగేటట్టు పోవాలని. పొద్దున సంగటి తిని, వసారాలో గోడకు ఆనుకుని, పొదుగుతున్న కోడిపెట్ట సంగతి కూతురికి చెబుతూ మాట మధ్యలో ఆగిపోయిందట. "ఆమీద ఏమాయె?" అని కూతురు అడిగితే జవాబు రాలేదు. అరిగిపోయిన గుండె, అంతే. కబురు విన్నవాళ్లు ఆ పాత జబ్బే తిరగబెట్టిందా అని నన్ను అడుగుతున్నారు. నేను మీసం మెలేసి మరీ చెబుతున్నాను: లేదు. ఆ జబ్బు ఆమె చేతిలో ఎన్నడో చచ్చింది. ఆమె తన చావు తాను చచ్చింది.

నాకు మీసం లేదు. అది ఇప్పుడే చెప్పేయడం మంచిది. నేను బస్సు కండక్టరుగా బతికి రిటైరైనవాణ్ని. పది మంది ఎక్కితే ఊరంతా ఎక్కిందని చెప్పి డ్రైవర్లను హడలగొట్టినవాణ్ని. ఆ బుద్ధి రాతలోకీ వచ్చింది. ముందు కొంచెం గాలి ఊదుతాను, తర్వాత నేనే తీసేస్తాను. చదివేవాళ్లు గాలి దిగేదాకా ఓపిక పట్టాలి.

ఆమె పేరు రాయను. రాసినా మా కంబదూరు పక్క ఎవరూ గుర్తుపట్టరు, ఎందుకంటే ఆ పేరుతో ఆమెను పిలిచినవాళ్లు లేరు. అందరికీ ఆమె ఎర్రనోటామె. నడుముకు వక్కాకు తిత్తి, బుగ్గలో వక్కాకు, పెదవులు ఎప్పుడూ మోదుగుపూలు. నవ్వినా ఎరుపే, తిట్టినా ఎరుపే. మా ఇంటి గేటు పక్కన ఒక బండ ఉంది. వసారాలో కూర్చుని ఆమె ఉమ్మితే సరిగ్గా ఆ బండ మీద పడేది. గాలి ఎటు వీచినా, మధ్యలో మనిషి నడిచి వెళ్తున్నా, గురి తప్పేది కాదు. ఒకసారి మా ఇంటికొచ్చిన బ్యాంకు ఆఫీసరు రెండు కాళ్ల సందులోంచి ఉమ్మి బండకు తగిలించింది. సరే, ఆఫీసరు కాదు, మా మేక. కానీ గురి మాత్రం నిజం.

ఆమె పని విత్తనం ఒలవడం. మాది వానను నమ్ముకున్న నేల. తొలకరికి ముందు ప్రతి ఇంటి వసారాలోనూ ఆడవాళ్లు గుంపుగా కూర్చుని వేరుసెనగ కాయలు ఒలుస్తారు. మిషన్లో వేస్తే గింజ మీది పొర చిట్లుతుంది, పొర చిట్లిన గింజ మొలవదు. అందుకని విత్తనం చేత్తోనే ఒలవాలి. ఆ గుంపుకు ఆమె పెద్ద. రోజుకు ఆమె ఒక్కతే బండెడు కాయ ఒలిచేదని చెప్పుకుంటాను గానీ, పక్కవాళ్లకంటే ఒక చేట ఎక్కువ, అంతే. చూడాల్సింది వేగం కాదు, తీరు. కాయను చెవి దగ్గర పెట్టి ఒకసారి ఆడించేది. లోపల గింజ ఉంటే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ముక్కు నొక్కి టప్పుమనిపించేది. గట్టి కాయైతే పంటి కింద పెట్టేది. గింజ లేకపోతే వెనక్కి తిరిగి చూడకుండా భుజం మీదుగా విసిరేసేది.

విసిరిన ప్రతిసారీ ఒకటే మాట. "ఇల్లు కట్టినాది గానీ కాపురం చేయలే."

పొల్లు కాయ గురించి చెప్పే ఈ మాటను ఆమె మనుషులకూ వాడేది. ఓట్లప్పుడు వచ్చి మాటిచ్చిపోయిన నాయకులకూ, మోడం పట్టి కురవకుండా పోయిన ఆషాఢానికీ, ఉద్యోగం చేసినన్నాళ్లూ ఊళ్లు తిరిగి ఏమీ నేర్చుకోలేదని నాకూ. ఆ చెయ్యి భుజం మీదుగా వెళ్లిందంటే ఎవరిదో కథ అయిపోయిందని అర్థం.

ఆ జబ్బు వచ్చిన ఏడాది ఎండాకాలం ఆమె ఒలుపు మందగించింది. ముంజేతుల మీద నీలం మచ్చలు లేచాయి. చేట అంచు తగిలిందని చెప్పింది. రెండు మెట్లెక్కితే ఆయాసం. వయసైపోతోందని పక్కవాళ్లు వెక్కిరించారు. నోరు ఎర్రగా ఉంది. అది ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది కదా. బండ ఎర్రగా ఉంది. అది కూడా ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది. ఊరంతటికీ కళ్లున్నాయి, ఆమెకు అద్దముంది. అయినా ఎవరికీ ఏమీ కనిపించలేదు. మేమే పెట్టిన పేరు మా కళ్లకు గంతలు కట్టింది.

అప్పుడు కొత్తచెరువు ఊళ్లో ఆమె మరిది చనిపోయాడు. మైల వచ్చింది. మా దగ్గర మైలలో ఉన్నవాళ్లు విత్తనం ముట్టరు, దినాలు అయ్యేదాకా వక్కాకు నోట పెట్టరు. ఆమె తిత్తిని ఇంట్లో చిలక్కొయ్యకు తగిలించి, పని లేక, ఇంట్లో ఉండబుద్ధి కాక, మా గేటు దగ్గరికి వచ్చి కూర్చునేది. వసారాలో ఒలుస్తున్నవాళ్లకు దూరం నుంచే వంకలు పెట్టేది. ఫలానావిడ గింజకు గోరు గుచ్చుతోందని, ఫలానావిడ కాయ కంటే మాట ఎక్కువ ఒలుస్తోందని.

ఆ పొద్దున నేను గేటు దగ్గర నిలబడి ఉన్నాను. ఆమె పక్కకు తిరిగి బండ మీద ఉమ్మింది. ఎర్రగా పడింది. నా బుర్రలో మెరుపు మెరిసింది. మైలలో ఉన్న మనిషి నోట ఎరుపెక్కడిది? వెంటనే ఆమె చెయ్యి పట్టి ఆస్పత్రికి పదమన్నాను. ఒక ప్రాణం అలా నిలబెట్టాను.

ఇప్పుడు గాలి తీస్తాను. మెరుపు నాకు మెరవలేదు, మా ఆవిడకు మెరిసింది. ఆవిడకూ జబ్బని కాదు, తప్పు పట్టాలని. పేడనీళ్ల బకెట్టుతో వచ్చి బండ చూసి మండిపడింది. మైలలో వక్కాకు నమలడానికి సిగ్గుండాలని, మరిది పోయి నాలుగు నాళ్లు కాలేదని అందరి ముందూ దులిపేసింది. నేను మధ్యలో దూరి, పాత వక్కపలుకేదో పంటి సందున ఇరుక్కుని ఉంటుందిలే అని సర్దబోయాను. నా తెలివి అంతవరకే.

ఆమెకు రోషం వచ్చింది.

"నేను యాడ నమిల్నాను వదినా? తిత్తి చిలక్కొయ్యకే ఉండాది, పోయి చూసుకో. ఇదో, నోరు చూడు."

నోరు తెరిచింది. లోపల ఆకు లేదు, వక్క లేదు, సున్నం లేదు. చిగుళ్ల వెంబడి సన్నగా, ఊరుతున్న చెలమలా, రక్తం. మా ఆవిడ చేతిలో బకెట్టు కింద పెట్టింది. తిట్టే నోరు ఆగిపోతే మా ఆవిడ ముఖం ఎలా ఉంటుందో నేను ఆ రోజే చూశాను.

అంగన్‌వాడీలో ఆయాగా పనిచేసే ఆమె కూతురిని పిలిపించి, ముగ్గురం మధ్యాహ్నానికల్లా అనంతపురం చేరాం. అక్కడి పెద్దాసుపత్రిలో రక్తం తీసి చూసి, ఇది రక్తపు క్యాన్సరులా ఉంది, రేపటిదాకా ఆగొద్దు, బెంగళూరు తీసుకుపొమ్మని అంబులెన్సు ఎక్కించారు. దారి పొడవునా ఆమె ఒక గుడ్డలో ఉమ్ముతూ, దాన్ని విప్పి చూస్తూ, మళ్లీ మడుస్తూ కూర్చుంది. అంతకుముందెన్నడూ తన ఉమ్ము తాను చూసుకున్న మనిషి కాదు.

బెంగళూరు సర్కారు ఆసుపత్రిలో మా అదృష్టం చిలమత్తూరు అమ్మాయి రూపంలో ఎదురైంది. చిన్న వయసు డాక్టరు. మా యాస వినగానే ఏ ఊరని అడిగింది. మైక్రోస్కోపులో రక్తం చూసి వచ్చి, జన్యువుల పరీక్ష రిపోర్టు రావడానికి టైం పడుతుంది గానీ మందు ఇప్పుడే మొదలుపెడతానంది. ఈ రకంలో మొదటి రోజులే గండమట. రక్తస్రావంతో మనుషులు పోతారు. దాన్ని దాటిస్తే చాలామంది పూర్తిగా బాగుపడతారట. 'చాలామంది' అన్నప్పుడు ఆ అమ్మాయి గొంతులో ఉన్న ధైర్యాన్ని నేను ఈరోజుకీ మరిచిపోలేదు. ఆ గంటలోనే మొదటి మాత్రలు పడ్డాయి, రక్తం గడ్డకట్టించే కణాలు సంచుల్లో వచ్చి ఎక్కాయి.

రెండో రోజు తీరిక చేసుకుని మాకు జబ్బు విడమరిచి చెప్పింది. ఒంట్లో ప్రతి కణంలోనూ జన్యువులన్నీ ఉంటాయట. ఏ కణంలో ఏ జన్యువు మేలుకుని పనిచేయాలి, ఏది పడుకోవాలి అన్నదాని మీదే అంతా నడుస్తుందట. ఎముక మూలుగలో పుట్టిన తెల్లకణం పెరిగి పెద్దదవ్వాలంటే, పెద్దవ్వమని చెప్పే జన్యువులు వరసగా మేలుకోవాలి. ఈమె మూలుగలో ఒకానొక కణంలో రెండు క్రోమోజోములు విరిగి, విరిగిన ముక్కలు తారుమారుగా అతుక్కున్నాయి. అతుకు పడిన చోట ఒక జన్యువు సగం, ఇంకో జన్యువు సగం కలిసి కొత్తదొకటి తయారైంది. ఆ అతుకుల జన్యువు చేసే ప్రోటీను వెళ్లి, పెద్దవ్వమని చెప్పే జన్యువుల మీద కూర్చుని వాటిని లేవనివ్వదు. దాంతో కణం పిల్లగానే ఉండిపోతుంది. ఉండిపోయి ఊరుకోదు, తనలాంటి పిల్లల్నే పుట్టిస్తుంది. మూలుగంతా అవే నిండి తక్కిన కణాలకు చోటుండదు. పైగా ఈ రకం కణాలు రక్తం గడ్డకట్టే పద్ధతినే పాడుచేస్తాయి. చిగుళ్ల రక్తం అందుకే.

కూతురు బిక్కముఖం వేసింది. నేను గొంతు సవరించుకున్నాను. బస్సుల భాషలో అయితే ఇలా అని మొదలుపెట్టాను. కళ్యాణదుర్గం బోర్డు ఒకటి, హిందూపురం బోర్డు ఒకటి విరిగాయి. ఎవడో ఆ సగం ఈ సగం కలిపి మేకు కొట్టి బస్సుకు తగిలించాడు. బోర్డు మీద 'కళ్యాణపురం' అని ఉంది. అలాంటి ఊరు ఆ రూటులో లేదు. డ్రైవరు ఎక్కడికని పోతాడు? బస్టాండులోనే చుట్లు కొడుతుంటాడు. అదే బోర్డుతో ఇంకో బస్సు, ఇంకో బస్సు. బస్టాండు నిండిపోయింది, అసలు ఊళ్లకు పోయే బస్సులు లోపలికి రాలేక రోడ్డు మీదే ఆగిపోయాయి. అదీ జబ్బు.

ఆ డాక్టరమ్మ నా ఉపమానానికి లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఇప్పటికీ మెడికల్ కాలేజీలో దాన్నే పాఠంగా చెబుతోంది. గాలి తీస్తున్నాను: నవ్వింది. "సుమారుగా అంతే పెద్దాయనా, కాకపోతే మీ బస్సులు పిల్లల్ని పెట్టవు" అంది.

మందు సంగతి చెప్పింది. మాత్ర విటమిన్ ఎ జాతిది. అది ఆ ప్రోటీనును జన్యువుల మీద నుంచి లేపుతుంది, జన్యువులు మేలుకుంటాయి, పిల్లకణాలు పెరిగి పెద్దవై, తమ ఆయుష్షు తీరాక పోతాయి. దీంతోపాటు ఇంకో మందు సెలైనులో ఎక్కిస్తారు, అది ఆ అతుకుల ప్రోటీనునే ముక్కలు చేస్తుంది. మంచం మీద కళ్లు మూసుకుని వింటున్న ఆమె కళ్లు తెరిచింది.

"అంటే వాటిని చంపకుండా పెద్దోళ్లను చేస్తాండారా పాపా?"

"ముందు పెద్దవుతాయి పెద్దమ్మా, ఆమీద వాటంతట అవే పోతాయి."

"మా ఊర్లో మొగోళ్లకు గూడా నాలుగు మాత్రలు కట్టియ్యి" అని నా వైపు చూసింది.

రక్తం కారుతున్న నోటితో అన్న మాట అది. డాక్టరు నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగింది.

తర్వాత ఆమె అసలు ప్రశ్న అడిగింది. అప్పటిదాకా దాన్ని బుగ్గన పెట్టుకుని ఉందని నాకు తెలియదు. జన్యువు అనే మాట వినగానే నాకూ అదే తట్టింది, అడగడానికి నోరు రాలేదు.

"ఇది మా వంశంలో నుంచి వచ్చినాదా? నా బిడ్డకు వస్తాదా?"

"రాదు. మీ అమ్మానాయనలు ఇచ్చింది కాదు, నువ్వు నీ బిడ్డకు ఇచ్చేదీ కాదు. నీ మూలుగలో ఒక కణంలో, నువ్వు పెరిగి పెద్దయినాక జరిగిన తప్పు. అక్కడే పుట్టింది, అక్కడే దాన్ని పట్టుకుంటాం."

ఆమె ఒక నిట్టూర్పు విడిచింది. కాయ చిట్లిన చప్పుడు కంటే చిన్నది, కానీ నేను విన్నాను. "అట్లయితే ఏమన్నా పొయ్యి పాపా, తాగుతా" అంది.

తీరా సెలైనులో పోసేది ఆర్సెనిక్, అంటే పాషాణమని తెలిసినప్పుడు కూతురు ఏడుపు లంకించుకుంది. ఎలుకలకు పెట్టే మందు అమ్మకు ఎక్కిస్తారా అని. డాక్టరు ఓపిగ్గా చెప్పింది: కొలత తప్పితే విషమే, కొలత ప్రకారం ఇస్తే ఈ జబ్బుకు దీన్ని మించిన మందు లేదు, గుండె కొట్టుకోవడం రోజూ చూసుకుంటూనే ఇస్తాం. కూతురు ఒప్పుకోలేదు. అప్పుడు తల్లి కసిరింది. ఏటా విత్తనాలకు మందు కలిపి ఆ చేతులతోనే నీకు అన్నం పెట్టినాను, నువ్వు చచ్చినావా అని. అది మెచ్చుకోవాల్సిన సంగతి కాదని గొణుగుతూ డాక్టరు సెలైను సరిచేసింది.

నేను ఊరికి వచ్చేశాను. విత్తనం పని అలాగే ఉంది. వసారాలో ఆడవాళ్లు ఒలుస్తున్నారు గానీ వంకలు పెట్టే గొంతు లేదు. మా ఆవిడ బండను కడగనివ్వలేదు. ఎందుకని అడిగితే, ఆమె వచ్చి చూసుకోవాలి కదా అంది. ఏం చూసుకోవాలో నాకు అప్పుడు అర్థం కాలేదు.

కొన్నాళ్లకు కూతురు ఫోన్ చేసి ఏడ్చింది. అమ్మకు ఊపిరి ఆడటం లేదట, ఒళ్లు ఉబ్బిందట, జ్వరమట. నేను అందిన బస్సు పట్టుకుని వెళ్లాను. ఆ ప్రయాణంలో టిక్కెట్టు తీసుకోవడం మరిచిపోయి, నా ఉద్యోగంలో నేను వేలమందిని అడిగిన మాటను ఒక కుర్ర కండక్టరు చేత అడిగించుకున్నాను.

డాక్టరమ్మ గుమ్మంలోనే ఎదురై ధైర్యం చెప్పింది. మందు పనిచేయక కాదట, పనిచేసినందుకేనట. పిల్లకణాలన్నీ ఒక్కుమ్మడిగా పెద్దవవుతూ ఊపిరితిత్తుల్లోకి చొరబడ్డాయి. ఇలా అవుతుందేమోనని ముందు నుంచే కనిపెట్టి ఉన్నారు, మొదటి ఆయాసంలోనే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. ఇంకో రోజు రెండు రోజులు చూడాలంది. నాకు బస్టాండు కళ్ల ముందు మెదిలింది. బోర్డులన్నీ ఒకేసారి సరిచేస్తే బస్సులన్నీ ఒకేసారి గేటు దగ్గరికి దూకవా?

ఆమె ముక్కుకు ఆక్సిజన్ మాస్కు. మాట రాదు. పెదవులు మాత్రకు ఎండి పగిలిపోయాయి. నన్ను చూసింది. నేను కన్నీళ్లు రాకుండా పైకి చూస్తూ, ఫ్యాను బాగా తిరుగుతోందే అన్నాను. ఆమె దుప్పటి కింద నుంచి కుడిచెయ్యి బయటికి తీసింది. చెవి దగ్గర పెట్టుకుని, లేని కాయను ఒకసారి ఆడించింది. వింది. బొటనవేలు, చూపుడువేలు కలిపి నొక్కింది. తర్వాత ఆ చెయ్యిని మెల్లగా, సూది గుచ్చిన చెయ్యిని అంత కష్టం మీద ఎత్తి, భుజం మీదుగా వెనక్కి విసిరింది.

పొల్లు.

నన్ను కాదు, ఫ్యానును కాదు. జబ్బును. ఇల్లు కట్టింది గానీ కాపురం చేయలేదు. ఆ క్షణం నుంచి నాకు భయం పోయింది. భయం పోయిందని రాశాను గానీ, బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. కాకపోతే అది వేరే ఏడుపు.

ఆయాసం తగ్గింది. వాపు దిగింది. ఒక పొద్దున పళ్లు తోముకుని ఆమె బేసినులో ఉమ్మి, దాన్ని వంగి చూసి, నర్సును పిలిచిందట. నర్సు పరిగెత్తుకొస్తే, వేలితో చూపించిందట. తెల్లగా ఉంది. ఆ నర్సు కన్నడ, ఈమె తెలుగు. అయినా ఇద్దరూ కలిసి ఆ బేసిను చూసి నవ్వుకున్నారని కూతురు చెప్పింది. నెలల తరబడి విడతలు విడతలుగా పాషాణం ఎక్కింది, మాత్రలు నడిచాయి. చివరికి మూలుగును మళ్లీ పరీక్షించి, ఆ అతుకుల జన్యువు జాడ ఎంత వెతికినా దొరకలేదని డాక్టరమ్మ చెప్పింది. చెబుతూ ఒక షరతు పెట్టింది: వక్కాకు మళ్లీ ముట్టకూడదు. ఒక క్యాన్సరును తరిమి, నోటికి ఇంకోదాన్ని పిలుచుకోవద్దంది. ఎర్రనోటామె ఒప్పుకుంది. మైలకని చిలక్కొయ్యకు తగిలించిన తిత్తి అక్కడే ఉండిపోయింది.

ఆమె ఊళ్లోకి దిగిన రోజు వెయ్యిమంది ఎదురెళ్లారు, డప్పులు మోగాయి. మా ఊళ్లో వెయ్యిమంది లేరు. డప్పు నిజమే గానీ అది ఇంకెవరి పెళ్లిదో. ఆమె ఆటో దిగి నేరుగా మా గేటు దగ్గరికి వచ్చింది. జుట్టు పలచబడింది, చీర వదులైంది. ఒలుస్తున్న ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. మా ఆవిడ వాకిట్లోకి వచ్చింది. ఆమె ఎవరినీ పలకరించలేదు. ఎండి నల్లబడిన ఆ పాత మరక ఉన్న బండ వైపు చూసి, గురి పెట్టి, ఉమ్మింది.

తెల్లగా పడింది.

"చూడు వదినా" అంది. మా ఆవిడ చూసింది. గుంపులో ఉన్నవాళ్లంతా వంతులవారీగా వచ్చి చూశారు. దేవుడి పటాన్ని కూడా అంత భక్తిగా చూడరు. తర్వాత ఆమె వసారా ఎక్కి, తన చోట కూర్చున్నవాళ్లను లేపి, చేట దగ్గరికి లాక్కుంది.

అక్కడి నుంచి అది ఆమెకు నిత్యకృత్యమైంది. ప్రతి పొద్దునా పనికి పోతూ మా బండ మీద ఒక ఉమ్ము, ఒక చూపు. ఎర్ర మరకల మీద ఏళ్ల తరబడి పోట్లాడిన మా ఆవిడ ఒక్క మాట అనేది కాదు. ఆమె రావడం ఆలస్యమైతే గేటు పట్టుకుని వీధి వైపు చూస్తూ నిలబడేది. నేను పలకరిస్తే, పాలవాడి కోసమనేది. పాలు మాకు ఇంట్లోనే ఉన్నాయి.

పాషాణం గొప్ప ఆమె వదలలేదు. రేషన్ షాపులో ఎవరైనా వరస తప్పితే, బస్సు ఆపకుండా పోతే, నేను మాటకు మాట అంటే, ఒకటే దెబ్బ: "నేను పాషాణం తాగి బతికినదాన్ని, నీ మాటకు బెదురుతానా?" ఒకసారి చేనులో ఆమెను పాము కరిస్తే పామే చచ్చిందని నేను చుట్టుపక్కల మండలాలన్నిటికీ ప్రచారం చేశాను. పాము లేదు. ఆమె మాత్రం ఆ కథను ఖండించలేదు. ఎవరైనా అడిగితే, పెద్ద పామే అనేది.

కానీ ఆమె గొప్పలు చెప్పని చోటు ఒకటుంది. రక్తపు క్యాన్సరు వచ్చిందని తెలిసిన ఇళ్లవాళ్లు దూరాల నుంచి ఆమెను చూడటానికి వచ్చేవాళ్లు. బతికిన మనిషిని ముట్టుకుని చూడాలని. వాళ్ల ముందు పాషాణం ఊసు ఎత్తేది కాదు. "నాది ఒక బోర్డు, మీది ఏ బోర్డో డాక్టరును అడగండప్పా. అన్నీ ఒకటి గాదు. పోవడం మాత్రం ఈ పొద్దే పోండి" అనేది. నా బస్సు బోర్డు కథ కాలేజీకి ఎక్కలేదు గానీ ఆమె నోట అలా బతికింది. ఇందులో గాలి లేదు.

ఇక పోయిన నెల.

మా దగ్గర చనిపోయినవాళ్ల నోట్లో వక్కాకు నూరి పెట్టి సాగనంపుతారు. కూతురు ఇంట్లోకి వెళ్లి చిలక్కొయ్య మీద నుంచి ఆ తిత్తి తీసుకొచ్చింది. తోలు బిరుసెక్కి ఉంది. లోపల వక్కలు ఎండి రాళ్లయ్యాయి. ఆకులు, సున్నం కొత్తవి తెప్పించాం. మా ఆవిడ తనే రోలు ముందు కూర్చుంది. ఎవరైనా సాయం పడతామన్నా రోకలిబండ వదల్లేదు. నూరుతుంటే ముద్ద మెల్లగా రంగు తిరిగింది.

పెట్టాల్సింది కూతురు. ముద్దను అందుకుని మళ్లీ మా ఆవిడ చేతికే ఇచ్చేసింది, మా ఆవిడే పెట్టింది. కాసేపటికి పెదవులు పండాయి. ఆమె వక్కాకు మానేశాక ఊళ్లోకి వచ్చిన కోడళ్లు, ఎర్రనోటామె అని ఎందుకంటారో తెలియకుండానే పిలిచినవాళ్లు, అప్పుడు చూశారు ఆ నోరు ఎలా ఉండేదో. పెదవి మూల నుంచి సన్నటి ఎర్రచార ఒకటి గడ్డం మీదికి దిగింది. జనంలో ఎవరో తుడవమన్నారు. నేను పైపంచ తీసి వంగాను.

మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనీ. ఇది వక్కాకే."